ఎర్రనాచు ఎక్కడికి పోతుంది?

పిల్లలూ! మా ఉద్దానం పేరు మీలో కొందరైనా వినే ఉంటారు. శ్రీకాకుళం జిల్లాలో పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం ప్రాంతాలలో సముద్రం పొడుగునా ఉన్న సీమ ఇది. ఉద్యానవనం అన్న మాటే జనం నోట నలిగి ఉద్దానం అయిందని పెద్దలు చెబుతారు. ఆ పేరుకు తగ్గట్టుగానే ఎటు చూచినా కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లు కనిపిస్తాయి. జీడిమామిడి చలికాలంలో పూస్తుంది. ఎండాకాలంలో పిక్కలు రాలుతాయి. ఆ పిక్కలు పలాస, కాశీబుగ్గలకు చేరి, అక్కడ పప్పుగా మారి దేశమంతటా తిరుగుతాయి. ఏ నెలలో ఏ చెట్టు పూస్తుందో, ఏది కాస్తుందో మా పిల్లలు నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు.

ఇవన్నీ గట్టుమీది తోటలు. సముద్రంలో కూడా తోటలు ఉన్నవనీ, వాటికీ పూతకాలం, రాలుకాలం ఉన్నవనీ నాకు మొదట చెప్పింది ఏ పుస్తకమూ కాదు. పన్నెండేళ్ళ కుర్రవాడు చెప్పాడు. అతడు చెప్పినప్పుడు నేను వినలేదు. ఆ కథే మీకు ఇప్పుడు చెబుతాను.

అది 1993. అప్పటికి నేను హెడ్మాస్టరును కాను. సముద్రానికి దగ్గరలోనే ఉన్న ఒక బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. ఒకనాడు ఏడో తరగతిలో కాలాలు, పంటలు అనే పాఠం నడుస్తున్నది. "మీ ఊళ్ళో ఏ కాలంలో ఏమి పండుతుందో ఒక్కొక్కరే లేచి చెప్పండి," అన్నాను. ఒకడు వరి అన్నాడు. ఒకతె జీడి అన్నది. ఇంకొకడు పనస అన్నాడు. చివరి బల్లమీద కూర్చున్న మత్స్యకారుల కుర్రవాడు లేచి, "ఎర్రపాసి, మేస్టారూ!" అన్నాడు.

"ఎర్రపాచి ఏమిట్రా?" అన్నాను.

"మా రేవుకాడ రాళ్ళమీద మొలుస్తాది, మేస్టారూ. దీపాల అమావాస్య దాటినాక కనపడతాది. సంకురాత్రికి గుబురుగా ఉంటాది. ఉగాది దాటి ఎండలు ముదిరితే తెల్లగా అయిపోయి మాడిపోతాది," అని వాడు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. తరువాత కొంచెం ఆగి, "అయితే మేస్టారూ, ఎండాకాలంలో అది ఎక్కడికి పోతాది? మళ్ళీ దీపాలకి ఎక్కడినుంచి వస్తాది?" అని అడిగాడు.

నాకు నవ్వు వచ్చింది. "మొక్క అంటే ఆకుపచ్చగా ఉండాలి. ఎర్రగా ఉండేది మొక్క ఎట్లా అవుతుంది? నేను పంట అడిగితే నువ్వు పాచి చెబుతావేమిట్రా?" అన్నాను. నేను నవ్వానని తరగతి యావత్తు నవ్వింది. వాడు కూర్చున్నాడు.

మూడోనాడు వాడు అరిటాకులో ఏదో కట్టి తెచ్చి నా బల్లమీద పెట్టాడు. విప్పితే గుప్పెడు నాచు. తెల్లవారుజామున కోసినదేమో, బడికి చేరేసరికి వాడిపోయి నల్లగా అయిపోయింది. సముద్రపు వాసన గుప్పుమన్నది. పిల్లలు ముక్కులు మూసుకున్నారు. "బయట పారవేసి, చేతులు కడుక్కుని రా," అన్నాను. వాడు మారుమాట లేకుండా ఆకు మడిచి తీసుకుపోయాడు. ఆ తరువాత వాడు తరగతిలో తనంత తాను లేచి ఏదీ చెప్పలేదు. రెండేళ్ళకు చదువు మానేసి, మేనమామ వెంట గుజరాతులోని వేరావల్ రేవుకు చేపలవేటకు పోయాడని విన్నాను. మా తీరపు ఊళ్ళనుంచి అట్లా పోయేవాళ్ళు చాలామంది.

1996లో వేసవి శిక్షణకోసం నన్ను విశాఖపట్టణం పంపారు. ఒక సాయంకాలం మాకు పాఠం చెప్పే వృక్షశాస్త్రం లెక్చరరు గారు మమ్మల్ని లాసన్స్ బే అనే చోటికి తీసుకుపోయారు. సముద్రం పాటు తీసి ఉన్నది. పెద్ద పెద్ద బండలు బయటపడి ఎండకు కాలుతున్నాయి. ఆయన ఒక బండమీద ఎండిన సున్నపు చెక్కులాంటి తెల్లని మరకలు చూపించి, "ఇవి ఎర్రనాచులు. ఇప్పుడు మీకు నా మాట నమ్మకం కలగదు. సంక్రాంతి సెలవులకు రండి," అన్నారు.

నా గుండె ఒక్కసారి గతుక్కుమన్నది. సంక్రాంతి! ఆ మాట నేను ఇంతకుముందు ఎక్కడ విన్నాను?

మరుసటి సంక్రాంతికి నా ఖర్చులతో నేనే పోయాను. పౌర్ణమి దగ్గరలో పాటు బాగా తీసినప్పుడు అవే బండలు చూచాను. పిల్లలూ, అవి ఆ బండలేనా అనిపించింది! పైభాగాన ఆకుపచ్చ నాచు, దానికి దిగువను ముదురు ఎరుపు, ఊదా, గోధుమ రంగుల తివాసీలు పరచినట్లున్నాయి. కొన్ని దువ్వెన పళ్ళలాగా, కొన్ని చిక్కుపడిన జుట్టులాగా, కొన్ని సున్నం పట్టిన చిన్న చిన్న గొలుసులలాగా ఉన్నాయి.

"ఇవి మొక్కలేనా? మరి ఆకుపచ్చ రంగు ఏదండీ?" అని అడిగాను, మూడేళ్ళ కిందట నేను వేసిన ప్రశ్నే. లెక్చరరు గారు సమాధానం చెప్పలేదు. ఒక చిన్న రెమ్మ తీసుకుని ఒడ్డున ఉన్న టీ కొట్టుకు నడిచారు. ఒక గ్లాసులో సలసల కాగే నీళ్ళు పోయించి, ఆ రెమ్మను అందులో వేశారు. చూస్తూండగానే ఎరుపు వదిలిపోయి, రెమ్మ ఆకుపచ్చగా మారిపోయింది!

ఇందులో మంత్రం ఏమీ లేదు. ఎర్రనాచులో కూడా అన్ని మొక్కలలో ఉండే పత్రహరితం ఉన్నది. దానిమీద ఫైకోఎరిత్రిన్ అనే ఎర్రని రంగు పదార్థం కప్పి ఉంటుంది. వేడి తగిలితే ఆ ఎర్ర పదార్థం చెడిపోతుంది. కిందనున్న ఆకుపచ్చ బయటపడుతుంది. అసలు ఈ ఎరుపు ఎందుకు? సూర్యకాంతిలో ఎర్రని కిరణాలు నీళ్ళలో కొద్దిదూరంలోనే ఇంకిపోతాయి. ఆకుపచ్చ, నీలి కిరణాలు ఇంకా లోతుకు దిగుతాయి. పత్రహరితం ఆకుపచ్చ కాంతిని సరిగా పట్టుకోలేదు. ఎర్ర పదార్థం దానిని పట్టుకుని పత్రహరితానికి అందిస్తుంది. చీకటి ఇంట్లో కిటికీ తలుపు తెరిచే పనివాడు అన్నమాట.

ఇక కాలాల సంగతి. విశాఖ బండలమీది నాచులను ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు అనే శాస్త్రజ్ఞులు శ్రద్ధగా పరిశీలించి, 1964లో ఇంగ్లండులో వెలువడే ఒక శాస్త్ర పత్రికలో వివరంగా వ్రాశారు. ఉమామహేశ్వరరావు గారు కనిపెట్టిన ఒక ఎర్రనాచుకు లయాగోరా విశాఖపట్నమెన్సిస్ అని మన ఊరి పేరే పెట్టారు. సముద్రంలోని ఒక మొక్క మన విశాఖ పేరును ప్రపంచమంతటా మోస్తున్నదంటే మనకు గర్వం కాదూ!

నాచు పెరగడానికీ తరగడానికీ కారణాలు నాలుగు. వాటిని ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది నీటి ఎత్తు. రోజూ వచ్చే ఆటుపోట్లు మీకు తెలుసు. అవి చంద్రుడు, సూర్యుడు లాగడంవల్ల వస్తాయి. అమావాస్యకు, పౌర్ణమికి పోటూ హెచ్చు, పాటూ హెచ్చు. కాని చాలామందికి తెలియని మరొక పెద్ద ఆటుపోటు ఉన్నది. అది ఏడాదికి ఒక్కసారే వస్తుంది. మన బంగాళాఖాతపు ఒడ్డున సముద్రమట్టం మార్చి నెల ప్రాంతాన అన్నిటికంటె తక్కువగా ఉంటుంది. అక్టోబరు, నవంబరులలో అన్నిటికంటె ఎక్కువగా ఉంటుంది. విశాఖలో ఈ తేడా అడుగుకు పైనే. గాలులు, ప్రవాహాలు, నీటి వేడి, ఉప్పు వీటన్నిటి మార్పువల్ల ఇది కలుగుతుంది. అడుగు అంటే మనకు మోకాలైనా దాటదు. కాని బెత్తెడు పొడవున్న నాచుకు అదే ప్రాణం. దీపావళినాడు అలలు తడిపే బండ, ఉగాదినాడు గంటల తరబడి పొడిగా ఉండిపోతుంది.

రెండవది ఎండ. సముద్రమట్టం దిగిన కాలానికి ఎండలు ముదురుతాయి. నీళ్ళు లేని బండ పెనంలాగా కాలుతుంది. నాచులోని ఎర్రరంగు మొదట పాలిపోతుంది. పసుపుగా, తరువాత తెల్లగా అవుతుంది. చివరకు రాలిపోతుంది.

మూడవది మంచినీరు. ఉప్పునీటి నాచుకు మంచినీరు పడదు. మహాసముద్రపు నీళ్ళలో కిలోకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. వర్షాకాలంలో మన వంశధార, నాగావళి, మహేంద్రతనయ, బాహుదా పొంగి సముద్రంలో పడతాయి. అది చాలక గంగా, బ్రహ్మపుత్ర, మహానదుల నీరు కూడా అక్టోబరు, నవంబరులలో దక్షిణానికి సాగే ప్రవాహం వెంట మన ఒడ్డు మీదుగా పోతుంది. ఒడ్డున ఉప్పదనం బాగా తగ్గుతుంది. బురద కలిసి నీటిలో వెలుతురూ తగ్గుతుంది. ఆ వరద తేరుకున్న తరువాతనే నాచుకు మంచిరోజులు.

నాలుగవది అల. నాచుకు మన చెట్లలాంటి వేళ్ళు లేవు. ఆహారం ఒంటినిండా పీల్చుకుంటుంది. అడుగున ఉన్న చిన్న పట్టు రాయిని కరుచుకోవడానికి మాత్రమే. అందుచేత దానికి నేల కాదు, గట్టి రాయి కావాలి. మా ఉద్దానం ఒడ్డు చాలావరకు ఇసుకే. ఇసుకమీద నాచు నిలవదు. ఎక్కడైనా నాలుగు బండలుంటే అక్కడే దాని కాపురం. తుపాను వస్తే ఆ కాపురం కూలుతుంది.

ఇప్పుడు ఆ కుర్రవాడి మాటలు జ్ఞాపకం తెచ్చుకోండి. దీపాల అమావాస్య దాటినాక మొలక, సంక్రాంతికి గుబురు, ఉగాది తరువాత మాడిపోవడం. వాడు పుస్తకం చదవలేదు. రోజూ చూచాడు. అంతే.

"ఎండాకాలంలో అది ఎక్కడికి పోతాది?" అన్న వాడి రెండో ప్రశ్న ఇంకా మిగిలే ఉన్నది. అది ఎంత గొప్ప ప్రశ్నో చెబితే ఆశ్చర్యపోతారు.

చాలా ఎర్రనాచులు ఎక్కడికీ పోవు. పైభాగం మాడినా, బండ పగుళ్ళలో ఆ చిన్న పట్టు బతికే ఉంటుంది. మోడునుంచి చిగురు వచ్చినట్టు కాలం రాగానే మళ్ళీ చిగురిస్తుంది. ఎప్పుడూ నీళ్ళలోనే ఉండే దిగువ బండలమీద కొన్ని మొక్కలు మిగిలి ఉంటాయి. అవి కంటికి కనపడని విత్తనాలవంటి బీజాలను నీటిలోకి వదులుతాయి. చిత్రమేమంటే, ఆకుపచ్చ నాచులు ఎన్నిటి బీజాలకో ఈదే తోకలుంటాయిగాని, ఎర్రనాచు బీజాలకు అవి లేవు. అల ఎటు తీసుకుపోతే అటే. కోటిలో ఏ ఒక్కటో రాయికి తగిలి అంటుకుంటుంది.

మరికొన్ని మారువేషం వేస్తాయి! జపానువారు పోర్ఫిరా అనే ఎర్రనాచును నోరి పేరుతో అన్నంలో తింటారు. శతాబ్దాలుగా దానిని సముద్రంలో పెంచుతున్నారు. చలికాలంలో వెదురుకర్రలు పాతితే నాచు దానంతటదే వచ్చి అంటుకునేది. వేసవిలో మాయమయ్యేది. ఎక్కడికి పోయేదో ఎవరికీ తెలియదు. పంట పోయిన ఏడు మళ్ళీ వేయడానికి విత్తనం ఏదో తెలియదు. ఈ గుట్టు విప్పింది కాథ్లీన్ డ్రూ బేకర్ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞురాలు. ఆమె పనిచేసిన విశ్వవిద్యాలయంలో పెళ్ళయిన ఆడవారికి జీతపు ఉద్యోగం ఇచ్చేవారు కారు. అయినా ఆమె పరిశోధన మానలేదు. వేసవిలో చచ్చిన ఆలిచిప్పల లోపల గులాబిరంగు దారాలవలె ఉండే ఒక నాచును శాస్త్రజ్ఞులు అంతవరకు వేరే జాతి అనుకునేవారు. అది వేరే జాతి కాదు, పోర్ఫిరాయే చిప్పలో దూరి వేసవి గడుపుతున్నదని ఆమె 1949లో ప్రకటించింది. అప్పటినుంచి జపానువారు చిప్పలలో నారు పోసి, వలలకు అంటించి పెంచడం నేర్చుకున్నారు. ఆమె 1957లో చనిపోయింది. జపానులోని ఉటో పట్టణంలో ఆ రైతులు 1963లో ఆమెకు స్మారకశిల నిలిపారు. ఏటా ఏప్రిల్ 14న అక్కడ ఆమెను స్మరించుకుంటారు.

"అది ఎక్కడికి పోతుంది?" అన్న ఒక్క ప్రశ్నను పట్టుకున్నందుకు ఆమెకు శిల నిలిపారు. అదే ప్రశ్న మా తరగతిలో పుడితే నేను నవ్వి కూర్చోబెట్టాను.

తిరిగి వచ్చాక నేను ఒక నోటుపుస్తకం కుట్టాను. నెలకొకసారి, పౌర్ణమి దగ్గరి ఆదివారంనాడు, నలుగురు పిల్లలను వెంటబెట్టుకుని ఆ కుర్రవాడి ఊరి రేవుకు పోయేవాణ్ణి. ఒకే బండను చూచి, నాచు రంగు, పొడవు, అది ఎంత మేర ఉన్నదీ వ్రాసేవాళ్ళం. ఒక్కొక్క ఏడు పదిహేను రోజులు ముందువెనుకలైనా, వాడు చెప్పిన లెక్క తప్పలేదు.

తప్పింది 2018లో. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర ఒడ్డు దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. తెల్లారి చూస్తే ఉద్దానం ఉద్యానవనంలాగా లేదు. కొబ్బరిచెట్లు మొదలంటా పడిపోయాయి. తాతలనాటి జీడితోటలు వేళ్ళతో లేచి పడుకున్నాయి. తోట ఏడిస్తే ఎట్లా ఉంటుందో ఆనాడు మనుషుల మొహాల్లో చూచాను.

వారం తరువాత రేవుకు పోతే మా బండలు సగం ఇసుకలో కూరుకుపోయి ఉన్నాయి. గీకినట్టు బోడిగా ఉన్నాయి. అక్కడ నలభై ఏళ్ళకు దగ్గరపడిన ఒక మనిషి ఇంటికప్పుకోసం కొట్టుకువచ్చిన కర్రలు ఏరుతున్నాడు. నన్ను చూచి, "దండాలండి, మేస్టారూ!" అన్నాడు. గొంతు మారినా కళ్ళు మారలేదు. ఇల్లు పడిపోయిందని తెలిసి వేరావల్ నుంచి వచ్చాడట.

నేను ఇరవై అయిదేళ్ళుగా దాచుకున్న మాట చెప్పాను. "ఒరేయ్, ఆనాడు నువ్వు చెప్పిందే నిజం. తప్పు నాది."

వాడు కర్రలు కింద పెట్టి కొంచెంసేపు ఊరుకున్నాడు. "ఆ పాసి మా అమ్మ కోసింది, మేస్టారూ. అరిటాకులో తనే కట్టింది. సాయంత్రం ఇంటికి ఎళ్తే, మేస్టారు ఏటన్నారని అడిగింది. సేనా బాగుందన్నారని సెప్పినాను," అన్నాడు.

నాకు మాట రాలేదు. వాడే మళ్ళీ బండలవంక చూచి, "ఈ ఏడు ఆలస్యమవుతాది, మేస్టారూ. రాళ్ళమీద ఇసక కదలాల గదా. కాని వస్తాది," అన్నాడు.

నవంబరులో ఏమీ లేదు. డిసెంబరులో లేదు. జనవరి ఆఖరున ఇసుక జరిగిన ఒక బండ పగులులో అంగుళమైనా లేని ఎర్రని దారాలు నాలుగు కనిపించాయి. పడిపోయిన కొబ్బరి మళ్ళీ కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. సముద్రపు తోట మూడు నెలలలో మళ్ళీ మొదలుపెట్టింది. ఆ సంగతి పుస్తకంలో వ్రాయడానికి నేను వాడి కూతురినే పిలిచాను. అప్పుడు ఆమె ఆరో తరగతి. నేను ఉద్యోగం విరమించేనాడు ఆ నోటుపుస్తకం ఆమెకే ఇచ్చాను.

పిల్లలూ, మీరూ ఇది చేయవచ్చు. ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఎర్రనాచు రెమ్మను ఇంటికి తెచ్చి, పళ్ళెంలో నీళ్ళుపోసి తేలవేయండి. కింద దళసరి కాగితం పెట్టి మెల్లగా పైకి ఎత్తండి. చాలా రెమ్మలు తమ జిగురుతోనే కాగితానికి అంటుకుంటాయి. ఆరిన తరువాత తేదీ, చోటు వ్రాయండి. ఆ జిగురు తక్కువది కాదు సుమా! కొన్ని ఎర్రనాచుల జిగురునుంచే అగార్ తయారవుతుంది. డాక్టర్లు లాబొరేటరీలో రోగక్రిములను పెంచి పరీక్షించేది దానిమీదనే. ఒక హెచ్చరిక: నాచు పట్టిన బండ జారుతుంది. పెద్దలు లేకుండా, పోటు సమయంలో పోకండి. రాయిమీద పెరిగేదాన్ని పీకకండి.

మీ అమ్మానాన్నలకు, మాస్టర్లకు కూడా ఒక మాట. ఏ పిల్లవాడైనా ఆకులో ఏదో కట్టి తెచ్చి మీ ముందు పెడితే, వాసన వచ్చినా సరే, విప్పి చూడండి. అది ఏమిటో మీకు తెలియకపోతే, తెలియదని చెప్పండి. ఇంటి దగ్గర వాడి తల్లి, మేస్టారు ఏమన్నారని అడగడానికి ఎదురుచూస్తూ ఉంటుంది.